కరివేపాకు మొక్కలు బుక్ చేసుకున్నవాళ్ళకి: తుఫాను తర్వాత అసలు సంగతి

అందరికీ నమస్కారం.

వారం రోజులుగా మీ మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. "మొక్కలెలా ఉన్నాయి?" అని కొందరు, "మీరెలా ఉన్నారు?" అని ఇంకా ఎక్కువమంది అడిగారు. అందరికీ "చూస్తున్నానండీ, చెప్తాను" అని మాత్రమే జవాబిచ్చాను. లెక్క తేలకుండా ఏదో ఒకటి చెప్పి, నాలుగు రోజులకు మాట మార్చడం ఇష్టం లేక ఆగాను. నిన్న సాయంత్రానికి లెక్క తేలింది. ముందు అదే చెప్తాను.

ఈ వేసవిలో మీకు ఇవ్వడానికి లండన్‌లో మా పెరట్లో రెండేళ్ళుగా పెంచుతున్న కరివేపాకు మొక్కలు 110. వాటిలో 41 చనిపోయాయి. 39 బాగున్నాయి. మిగతా 30 బతుకుతాయో లేదో ఏప్రిల్ వస్తేగానీ తెలియదు. బుకింగ్‌లు 78. కాబట్టి మీలో సగం మందికి ఈ ఏడాది మొక్క ఇస్తానని నేను మాట ఇవ్వలేను. డబ్బు విషయం కింద రాశాను. ముందు ఏం జరిగిందో వినండి, ఎందుకంటే ఇందులో తుఫాను తప్పు కొంతే, నా తప్పు కూడా ఉంది.

లండన్‌లో లేనివాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. ఈ 2022 ఫిబ్రవరిలో 16 నుంచి 21 లోపు మూడు తుఫానులు వచ్చాయి. పేర్లు డడ్లీ, యూనిస్, ఫ్రాంక్లిన్. ఇక్కడ తుఫానులకు పేర్లు పెట్టడం 2015లో మొదలైంది. అప్పటినుంచి ఒకే వారంలో మూడు రావడం ఇదే మొదటిసారి. డడ్లీ ఎక్కువగా ఉత్తరం వైపు పోయింది, మాకు పెద్దగా తెలియలేదు. 18వ తేదీ శుక్రవారం వచ్చిన యూనిస్ అలా కాదు. లండన్‌కు, చుట్టుపక్కల తూర్పు, ఆగ్నేయ ప్రాంతాలకు ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడు వరకు రెడ్ వార్నింగ్ ఇచ్చారు. ప్రాణాలకు ప్రమాదం, బయటికి రావద్దు అని దానర్థం. ఐల్ ఆఫ్ వైట్ చివరన నీడిల్స్ అనే చోట గంటకు 122 మైళ్ళ గాలి నమోదైంది, అంటే 196 కిలోమీటర్లు. ఇంగ్లండ్‌లో ఇప్పటిదాకా నమోదైనవాటిలో అదే ఎక్కువ. అది సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ అంచు, పశ్చిమ లండన్‌లో ఉన్న మా హౌన్స్‌లోలో అంత లేదు. కానీ లండన్‌లో కచేరీలు జరిగే ఓ2 గుడారం పైకప్పు చీలికలు చీలికలైపోవడం మీరు కూడా టీవీలో చూసే ఉంటారు. మా ఇంటికి దగ్గర్లోనే హీత్రోలో విమానాలు ఊగుతూ దిగుతుంటే ఆ రోజు దేశమంతా లైవ్‌లో చూస్తూ కూర్చుంది. నేను మాత్రం వంటింటి కిటికీలోంచి నా పాలీటన్నెల్ వైపు, అంటే మొక్కలు పెంచే పాలిథీన్ గుడారం వైపు, చూస్తూ నిలబడ్డాను.

మాది విశాఖ. తుఫాను అంటే ఏమిటో తెలియక కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా పెరట్లో మామిడి చెట్టు వేళ్ళతో సహా లేచిపోయింది. నేను అప్పటికే ఇక్కడున్నాను, రెండు రోజులు అమ్మతో మాట్లాడడానికి ఫోన్ కలవలేదు. యూనిస్ వస్తోందని తెలిసి గురువారం రాత్రి అమ్మ ఫోన్ చేసింది. "అమ్మలూ, గాలి మొదలయ్యాక ఏం చెయ్యలేవు. చెయ్యాల్సిందంతా ఇవాళే చేసెయ్. రేపు గుమ్మం దాటకు" అంది. అమ్మ చెప్పినవి రెండు పనులు. రెండూ నేను సరిగ్గా చెయ్యలేదు.

గురువారం నేనూ మావారూ కలిసి చాలానే సర్దాం. కుండీలన్నీ గోడవారకు చేర్చి పడుకోబెట్టాం. బల్లలు తిరగేశాం. టన్నెల్ అడుగున నాలుగు వైపులా పాలిథీన్ మీద మట్టి ఇంకా వేసి తొక్కాం. గాలికి ఎగిరేవన్నీ లోపల పెట్టాం. ఒక్క తలుపు సంగతి మిగిలిపోయింది. నా టన్నెల్‌కు జిప్ తలుపు. ఆ జిప్ జనవరి మొదటి వారంలోనే పాడైంది, కింద జానెడు మేర పళ్ళు ఊడిపోయి పట్టడం మానేసింది. కొత్త తలుపు ముక్క ఖరీదు ఎక్కువేం కాదు. "వచ్చే వారం ఆర్డర్ పెడదాం" అనుకుంటూ ఆరు వారాలు గడిపాను. గురువారం రాత్రి ఆ జానెడు ఖాళీని తాడుతో కుట్టినట్టు కట్టి, ముందు రెండు కంపోస్ట్ బస్తాలు అడ్డం పెట్టాను. సరిపోతుందనుకున్నాను.

పాలీటన్నెల్ బయటినుంచి కొట్టే గాలికి చాలావరకు తట్టుకుంటుంది. గుండ్రటి కప్పు కదా, గాలి పైనుంచి జారిపోతుంది. గాలి లోపలికి దూరిందా, ఇక అది గొడుగే. లోపలినుంచి పైకి ఎత్తేస్తుంది. అందుకే తలుపులు గట్టిగా మూసి ఉండాలని ఈ పని చేసేవాళ్ళందరికీ తెలుసు. నాకూ తెలుసు.

శుక్రవారం పన్నెండు దాటాక తాడు తెగింది. అప్పటిదాకా టపటపమంటున్న పాలిథీన్ చప్పుడు ఒక్కసారిగా మారింది. తడిబట్టను బండమీద బాదినట్టు, ఒక్కో దెబ్బా విడివిడిగా వినిపించింది. కప్పు ఉబ్బి, వదిలి, మళ్ళీ ఉబ్బింది. మావారు "వద్దు, వద్దు" అంటున్నా నేను పరుగెత్తాను. తలుపు పట్టుకుని క్లిప్పులు పెడదామని చూశాను. రెండు క్లిప్పులు పెట్టేసరికి తలుపు పక్కనుంచి పాలిథీన్ మనిషి ఎత్తున చీలింది. నేను లోపలికి వచ్చేసిన కాసేపటికే పక్కింటివాళ్ళ చెక్క ఫెన్స్ పలక ఒకటి లేచొచ్చి, నేను నిలబడిన చోటుకు రెండడుగుల దూరంలో పడింది. ఇది గొప్పగా చెప్పుకోవడానికి రాయడం లేదు. మీలో చాలామందికి పెరట్లో గ్రీన్‌హౌస్‌లు ఉన్నాయి. రెడ్ వార్నింగ్ ఉన్నప్పుడు మొక్కల కోసం బయటికి వెళ్ళకండి. మొక్క పోతే మళ్ళీ పెంచుకోవచ్చు. మా అబ్బాయి కిటికీ దగ్గర నిలబడి అదంతా చూశాడు. ఆ రాత్రి వాడు నా దగ్గరే పడుకున్నాడు.

ఒంటిగంటకు కరెంటు పోయింది. దేశంలో పది లక్షలకు పైగా ఇళ్ళకు పోయిందని తర్వాత తెలిసింది. మాకు శనివారం పదకొండింటికి వచ్చింది. ఆ ఇరవై రెండు గంటలు టన్నెల్‌లో హీటర్ లేదు, పక్కన చీలిక ఉంది. మందపాటి ఫ్లీస్ గుడ్డలు రెండేసి పొరలు కప్పాం, ఇంట్లో ఉన్న రగ్గులు కప్పాం, పట్టినన్ని కుండీలు హాల్లోకి మోశాం. శనివారం పొద్దున చూస్తే టన్నెల్ థర్మామీటర్‌లో రాత్రి కనిష్ఠం మూడు డిగ్రీలు.

మూడు డిగ్రీలంటే ఇక్కడి మొక్కలకు లెక్కే కాదు. కరివేపాకుకు పది డిగ్రీల కిందికి పోతేనే ఇబ్బంది మొదలవుతుంది. ఆకు పసుపు పచ్చగా మారి రాలుతుంది, మొక్క నిద్రపోతుంది. అది మామూలే, మీ ఇళ్ళలో కూడా డిసెంబరులో జరుగుతుంది. కానీ తడి గాలి రాత్రంతా కొట్టి, పైగా అంత చలి పడితే లేత కాడ నిలువునా పోతుంది. తలుపు వైపున్న రెండు వరుసలు మొత్తం పోయాయి. లోపలి మూల, గోడకు ఆనుకున్నవి నిలబడ్డాయి.

వీటిని ఎందుకు ఇంత పట్టుకుని ఏడుస్తున్నానంటే, కరివేపాకు ఒక సీజన్‌లో తయారయ్యే సరుకు కాదు. విత్తనం పండు నుంచి తీసిన కొద్ది వారాల్లోనే మొలకెత్తే శక్తి పోగొట్టుకుంటుంది, ప్యాకెట్లో దాచుకునే వీలు లేదు. నా దగ్గర మూడు తల్లి మొక్కలున్నాయి. నల్లగా పండిన పళ్ళు కోసి, గుజ్జు కడిగి, అదే వారం నాటతాను. కొన్ని వాటి వేళ్ళనుంచి వచ్చిన పిలకలు. ఇక్కడి ఎండకు అది జానెడు ఎదగడానికి ఒక వేసవి పడుతుంది. ఆ 41 మొక్కలూ రెండు చలికాలాలు దాటబోతున్నవి. ఇంకో పది వారాలుంటే మీ కిటికీల్లో ఉండేవి.

అనుమానంగా ఉన్న 30 గురించి. శనివారం నుంచి నేను చేస్తున్నది ఒకటే పని. కాడ మీద, మట్టికి రెండంగుళాల పైన, బొటనవేలి గోటితో బియ్యపు గింజంత మేర గీరి చూస్తాను. కింద పచ్చగా, తడిగా కనిపిస్తే ప్రాణం ఉన్నట్టు. గోధుమరంగులో పొడిగా ఉంటే ఆ భాగం పోయినట్టు. ఇంకొంచెం కిందికి వెళ్ళి మళ్ళీ గీరుతాను. ఈ ముప్ఫైకీ పైన కాడ పోయింది, మొదలు దగ్గర మాత్రం పచ్చదనం ఉంది. కింద నుంచి చిగురు వేయొచ్చు. వేసినా మీరు బుక్ చేసినంత ఎత్తు ఉండదు. ఎండిన కాడలు కూడా ఇప్పుడే కత్తిరించడం లేదు, నీళ్ళు కూడా మట్టి పైపొర పూర్తిగా ఆరాకే, అరగ్లాసు. చలిలో కరివేపాకు దాహంతో చావడం నేను పెద్దగా చూడలేదు, తడి మట్టిలో వేరు కుళ్ళి చావడం చాలాసార్లు చూశాను.

పోయిన ఏడాది నా దగ్గర కొన్నవాళ్ళకు కూడా ఇదే మాట. ఆకులన్నీ రాలిపోయాయని ఈ వారం తొమ్మిది మంది ఫొటోలు పంపారు. పారేయకండి. గీరి చూడండి. పచ్చగా ఉంటే దక్షిణం వైపు కిటికీ దగ్గర పెట్టండి, కుండీ కింద పళ్ళెంలో నీళ్ళు నిలవనివ్వకండి, కొత్త చిగురు కనిపించేదాకా ఎరువు వేయకండి. పుల్ల మజ్జిగ పోయమని మన పెద్దవాళ్ళు చెప్తారు, అది మనూళ్ళో ఎండల్లో. ఇక్కడ ఫిబ్రవరిలో ఇంట్లో పోస్తే బూజు పడుతుంది. మే దాటాక చూద్దాం.

"ఇండియా నుంచి తెప్పించి ఇవ్వొచ్చు కదా, అమ్మావాళ్ళు కడియం నుంచి నాలుగు మొక్కలు సూట్‌కేసులో పెట్టి తెస్తారట" అని ఇద్దరు అడిగారు. వద్దండీ. ఫైటోశానిటరీ సర్టిఫికెట్, అంటే మొక్కకు తెగుళ్ళూ పురుగులూ లేవని అక్కడి ప్రభుత్వం ఇచ్చే పత్రం, లేకుండా మొక్కలు తేవడం ఇక్కడ చట్టవిరుద్ధం. కరివేపాకు నిమ్మ కుటుంబానికి చెందిన మొక్క, నిమ్మ, బత్తాయి తోటల్ని నాశనం చేసే తెగులును మోసే పురుగు దీనిమీద కూడా బతుకుతుంది. మన కడియం నర్సరీలంటే నాకు ఎంతో గౌరవం, కానీ మొక్క దారి తప్పి రాకూడదు. ఇంకెవరి దగ్గరో కొని నా పేరుతో మీకు అమ్మడం కూడా నేను చెయ్యను. ఏ మట్టిలో, ఏ చలిలో పెరిగిందో నాకు తెలియని మొక్కకు నేను పూచీ పడలేను.

ఇప్పుడు డబ్బు. బుకింగ్ వరుసలో మొదటి 39 మందికి ఈ ఏడాది మొక్క ఖాయం, ధర పెంచను. 40 నుంచి 78 వరకు ఉన్నవాళ్ళందరికీ అయిదు పౌండ్ల అడ్వాన్స్ ఈ ఆదివారం, సోమవారం వెనక్కి వేస్తున్నాను. "ఉంచండి, వచ్చే ఏడాది తీసుకుంటాం" అని ఇప్పటికే కొందరు అన్నారు. మీ మంచితనానికి దండం. అయినా పంపేస్తాను. పోయిన మొక్కల తాలూకు డబ్బు నా దగ్గర ఉంటే నాకు రాత్రి నిద్ర పట్టదు. వరుసలో మీ నంబరు మాత్రం అలాగే ఉంటుంది. 30లో ఎన్ని లేస్తే అన్ని, నంబరు ప్రకారం మీకే మొదట ఫోన్ చేస్తాను. అవి చిన్నవి కాబట్టి సగం ధరకే.

మిరప, వంకాయ నారు సంగతి వేరు. అవి ఇంట్లో, వేడి ట్రేల మీద ఉన్నాయి. జనవరి చివర్లో నాటాను, రెండాకుల దశలో ఉన్నాయి. కరెంటు పోయాక అడుగున చల్లబడి, తడి ఆరక, ఆదివారం నుంచి నారుకుళ్ళు మొదలైంది. పొద్దున నిటారుగా ఉన్న మొలక సాయంత్రానికి మట్టి అంచు దగ్గర దారంలా సన్నబడి పక్కకు ఒరుగుతుంది. ఒకటి ఒరిగితే ట్రే మొత్తం అనుమానించాలి. మూడో వంతు పారేసి, ట్రేలు కడిగి, 22న కొత్తగా విత్తాను. అందువల్ల గుంటూరు మిరప, గుత్తి వంకాయ నారు మే మొదటి వారానికి బదులు మే చివరికి ఇస్తాను. పెద్ద నష్టం లేదు, మే సగం దాటకుండా వాటిని ఎలాగూ బయట పెట్టకూడదు. కాకపోతే మొదటి కాయ రెండు మూడు వారాలు ఆలస్యం అవుతుంది. సొర, బీర, దోస, గోంగూర, బచ్చలి ఏప్రిల్‌లో గానీ విత్తను, వాటికి ఏ ఇబ్బందీ లేదు.

అలాట్‌మెంట్ గురించి కూడా అడిగారు. కొత్తవాళ్ళకు చెప్పాలంటే, అది కౌన్సిల్ ఏడాదికి ఇంత అని అద్దెకిచ్చే పొలం ముక్క. పూర్తి ప్లాటు పది రాడ్లు, అంటే సుమారు 250 చదరపు మీటర్లు. నాది సగం. అక్కడ పండినది ముఖ్యంగా ఇంటివాళ్ళు తినడానికి, 1922 నాటి చట్టం చెప్పేదీ అదే. అందుకే "కిలో గోంగూర అమ్మండి" అంటే కాదంటున్నాను, ఏమీ అనుకోకండి. నా వ్యాపారమంతా ఇంటి పెరట్లో పెంచిన నారే. అలాట్‌మెంట్ నాకు బడి లాంటిది. ఇక్కడి వానకూ గాలికీ ఏది నిలబడుతుందో అక్కడ నేర్చుకుంటాను. మన చిక్కుడు నారు ఎందుకు అమ్మనంటే అక్కడ నేర్చుకున్న పాఠమే. తీగ ఆకాశానికి పాకుతుంది, పగలు తగ్గితేగానీ పూత పట్టదు, సెప్టెంబరులో పూస్తే కాయ ముదిరేలోపు చలి వచ్చి చంపేస్తుంది. మూడేళ్ళు ప్రయత్నించి మానేశాను.

యూనిస్‌కూ ఫ్రాంక్లిన్‌కూ మధ్య, ఆదివారం పొద్దున గాలి కాస్త తెరిపిచ్చినప్పుడు అక్కడికి వెళ్ళాను. షెడ్ పైకప్పు తారు షీటు సగం లేచిపోయింది. వాననీళ్ళ డ్రమ్ము మూడు ప్లాట్ల అవతల దొరికింది. పక్క ప్లాటు పంజాబీ అంకుల్ అప్పటికే వచ్చి ఉన్నారు. డెబ్భై దాటిన మనిషి, మోకాళ్ళమీద కూర్చుని తన మెంతి మడి మీద వల మళ్ళీ కడుతున్నారు. నన్ను చూసి "బేటీ, మడిలోకి దిగకు, పలక వేసుకో" అన్నారు. తడి నేలను తొక్కితే గట్టిపడి వేరుకు గాలి అందదు. నా దగ్గర పలక లేదంటే తనది ఇచ్చారు. సాయంత్రం ఫ్రాంక్లిన్ వస్తుందని ఇద్దరం కలిసి ఆయన షెడ్‌కూ నా షెడ్‌కూ తాళ్ళు బిగించాం. అవి రెండూ ఇవాళ్టికీ నిలబడే ఉన్నాయి.

అక్టోబరులో నాటిన వెల్లుల్లికి మాత్రం ఏమీ కాలేదు. ఆకులు గాలికి నేలకు వాలి, రెండు రోజుల్లో మళ్ళీ లేచాయి. దానికి చలి కావాలి కూడా, చలి తగలకపోతే గడ్డ రెబ్బలుగా విడిపోదు. హీత్రో చుట్టూ ఉన్న ఈ నేల ఒకప్పుడు లండన్ మార్కెట్లకు కూరగాయలు పంపిన నేల. 1944లో విమానాశ్రయం పని మొదలయ్యాక చాలా భాగం కాంక్రీటు కిందికి పోయింది. మిగిలిన ఈ ముక్కలో చెయ్యి పెడితే ఇంత నల్లటి, గుల్లటి మట్టి వస్తుంది. అది చూస్తే నాకు ఎంత టెన్షన్ ఉన్నా తగ్గుతుంది.

ఎల్లుండి కాక అవతలి రోజు శివరాత్రి. శివరాత్రికి చలి "శివ శివా" అంటూ పోతుందని మనవైపు మాట. ఇక్కడ ఏప్రిల్ దాకా పోదు. ఉగాదికి ఎండ చూసి మోసపోయి కరివేపాకు కుండీ బయట పెట్టేవాళ్ళు ప్రతి ఏడాదీ ఉంటారు. జూన్ వచ్చేదాకా లోపలే ఉంచండి.

టన్నెల్‌కు కొత్త తలుపు వచ్చింది. జిప్ కాదు, చెక్క ఫ్రేము, రెండు గడియలు. చీలికకు రెండు వైపులా రిపేర్ టేపు వేశాం, ఈ సీజన్ గడుస్తుంది, పాలిథీన్ మొత్తం శరదృతువులో మారుస్తాను. హీటర్ కరెంటు మీదే ఆధారపడకుండా, లోపల నల్ల రంగు వేసిన నీళ్ళ డ్రమ్ములు నాలుగు పెడుతున్నాను. పగటి వేడి పట్టి రాత్రి వదులుతాయి. దానితోనే సరిపోదు, కాబట్టి కరెంటు పోతే మొక్కలన్నీ ఏ వరుసలో ఇంట్లోకి మోయాలో కాగితం మీద రాసి తలుపుకు అంటించాను. మీరు బుక్ చేసినవి ముందు, నా తల్లి మొక్కలు తర్వాత.

సాయానికి వస్తామన్నవాళ్ళు వచ్చే శనివారం పది తర్వాత రండి. పాత చేతి తొడుగులు తెచ్చుకోండి, విరిగిన ఫెన్స్ చెక్కలు ఎత్తాలి. భోజనం మా ఇంట్లోనే, పప్పుచారు, వంకాయ కూర. 30 మొక్కల సంగతి ఏప్రిల్ 10న మళ్ళీ రాస్తాను.